నూట రెండేళ్ల లెక్క: సి.ఆర్.రావు



కల్యంపూడి రాధాకృష్ణారావు పుట్టడానికి ఐదేళ్ల ముందు, 1915లో, ఇంగ్లండు నుంచి ఇండియాకు రావలసిన ఒక ఓడ ప్రయాణం వాయిదా పడింది. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. ఓడలు చెప్పిన వేళకు కదిలే రోజులు కావు. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం చదివి కలకత్తాకు బయల్దేరిన ప్రశాంత చంద్ర మహలనోబిస్‌కు దాంతో కొంత తీరిక దొరికింది. కింగ్స్ కాలేజీ లైబ్రరీలో కాలక్షేపం చేస్తుంటే ఆయన ట్యూటర్ 'బయోమెట్రికా' అనే పత్రిక సంపుటాలు చూపించారు. కొలతలను పట్టుకుని ప్రాణికోటి గురించి ఏం తెలుసుకోవచ్చో చెప్పే పత్రిక అది. మహలనోబిస్ ఆ సంపుటాలు కొనేసి, ఓడలో చదువుకుంటూ ఇంటికొచ్చారు. పదహారేళ్ల తర్వాత, 1931లో, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. మరో పదేళ్లకు ఆ సంస్థ గడప తొక్కిన తెలుగు కుర్రాడి గురించే ఈ ప్రసంగం. ప్రపంచం ఆయన్ను సి.ఆర్.రావు అంటుంది.

నూట రెండేళ్లు బతికారాయన. అంతకాలం బతికినవాళ్లు ఇంకా ఉన్నారు. రావుగారి విషయంలో విశేషమేమిటంటే, ఇరవయ్యో శతాబ్దపు పెద్ద ఘట్టాలు ఒకదాని వెనక ఒకటి ఆయన దారికి అడ్డం వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ దారి మళ్లింది. మళ్లిన చోటల్లా ఆయనకు తేల్చవలసిన ఒక కొత్త లెక్క ఎదురైంది.

1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి జిల్లా, ఇప్పుడు కర్ణాటక. తెలుగు కుటుంబం. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే శ్రీనివాస రామానుజన్ ముప్పై రెండేళ్ల వయసులో మద్రాసులో కన్నుమూశారు. ఆ సెప్టెంబరులోనే కలకత్తాలో కాంగ్రెస్ ప్రత్యేక సమావేశం గాంధీజీ సహాయ నిరాకరణ తీర్మానాన్ని ఆమోదించింది. పదిమంది పిల్లల్లో రావుగారు ఎనిమిదోవారు. దేవకీదేవికి ఎనిమిదో సంతానం కృష్ణుడు కనుక రాధాకృష్ణ అని పేరు పెట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు, బదిలీల ఉద్యోగం. గూడూరు, నూజివీడు, నందిగామ... ఇలా ఊళ్లు మారుతూ బడిచదువు సాగింది. తండ్రి రిటైరయ్యాక కుటుంబం విశాఖపట్నంలో కుదురుకుంది.

తల్లి లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి కొడుకుని లేపేది. నూనె దీపం వెలిగించి పుస్తకం ముందు కూర్చోబెట్టేది. ఇల్లంతా నిద్రలో ఉన్న ఆ వేళలో ఏది చదివినా తలకెక్కుతుందని ఆమె నమ్మకం. ఎన్నో ఏళ్ల తర్వాత 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అనే పుస్తకం రాసినప్పుడు, రావుగారు ఆ నాలుగు గంటల దీపాన్ని తలచుకుని ఆ పుస్తకాన్ని తల్లికి అంకితమిచ్చారు.

1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎం.ఏ. మొదటి ర్యాంకుతో పూర్తయింది. ఆ జూన్‌లోనే హిట్లర్ సేనలు పారిస్‌లో అడుగుపెట్టాయి. ఇక్కడ రావుగారికి వచ్చిన చిక్కు వేరు. పరిశోధన స్కాలర్‌షిప్‌కు పెట్టుకున్న దరఖాస్తు గడువు దాటాక చేరిందని తిరిగొచ్చింది. ఇంట్లో డబ్బు లేదు. సైన్యంలో సర్వే విభాగానికి గణితం తెలిసినవాళ్లు కావాలని తెలిసి కలకత్తా రైలెక్కారు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు వయసు చాలదన్నారు. ఉద్యోగం రాలేదు. బస చేసిన హోటల్లో ఇంకో దక్షిణాది యువకుడు పరిచయమయ్యాడు. అతను మహలనోబిస్ సంస్థలో శిక్షణకు వచ్చినవాడు. అదేమిటో చూద్దామని వెంట వెళ్లిన రావుగారు ప్రెసిడెన్సీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలోని ఆ కొద్దిపాటి గదుల్నీ, లెక్కలు కట్టే యంత్రాల్నీ చూశారు. 1941 జనవరి 1న అక్కడే చేరారు. అలా సైన్యం వద్దన్న మనిషి గణాంకశాస్త్రానికి దక్కారు.

ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆయన చదివిన విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది. డిసెంబరులో కలకత్తా మీదా బాంబులు పడ్డాయి. ఆ కలకత్తా విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిసారిగా పెట్టిన స్టాటిస్టిక్స్ ఎం.ఏ.లో మొదటి బ్యాచి విద్యార్థి రావుగారు. 1943లో బంగారు పతకంతో ఆ చదువు ముగించారు. అదే ఏడాది బెంగాల్ కరువు. పల్లెల నుంచి గంజి కోసం నడిచి వచ్చినవాళ్లు కలకత్తా వీధుల్లో కూలిపోయారు. చనిపోయినవాళ్లు 30 లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. ఎందరు పోయారో, ఎవరి భూమి ఎవరి చేతికి పోయిందో సర్కారు కాగితాలు చెప్పలేకపోయాయి. మహలనోబిస్ సంస్థ పరిశోధకులు నమూనా పల్లెలు ఎంచుకుని, ఇల్లిల్లూ తిరిగి, కరువు తర్వాతి బెంగాల్‌ను లెక్కగట్టారు. లక్షల ప్రాణాల సంగతి కొన్ని వందల ఊళ్లు చూసి చెప్పాలి. చెప్పిన అంకె ఎంత నమ్మదగినదో కూడా చెప్పాలి. స్టాటిస్టిక్స్ అంటే పట్టికలు నింపడం కాదని ఆ రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్లకు ఎవరూ వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఆ నేపథ్యంలోనే రావుగారి అతిపెద్ద పని పుట్టింది. 1944లో ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. అంచనాల గురించి ఇంగ్లండు శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ తేల్చిన ఒక ఫలితాన్ని వివరిస్తున్నారు. అది నమూనా చాలా పెద్దదైనప్పుడే పనికొచ్చే ఫలితం. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, నమూనా చిన్నదైతే సంగతేమిటని అడిగాడు. మాస్టారి దగ్గర అప్పటికి జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని సాధించి, మర్నాడు తరగతిలో బోర్డు మీద రాసి చూపించారు. ఆ దండేకరే తర్వాత నీలకంఠ రథ్‌తో కలిసి భారతదేశంలో పేదరికం మీద 1971లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనం రాశారు.

ఆ జవాబు ఏమిటో స్థూలంగా చెప్పుకుందాం. ఒక జిల్లాలో ఎకరాకు వరి ఎంత పండిందో తెలుసుకోవాలి. పొలాలన్నీ కోసి తూచలేం. అక్కడక్కడా కొన్ని మడులు ఎంచుకుని, కొలిచిన మేర కోసి, నూర్చి, తూచి, దాన్నిబట్టి జిల్లాకు అంచనా కడతాం. ఇవి కాకుండా వేరే మడులు ఎంచుకుని ఉంటే అంచనా కాస్త అటో ఇటో వచ్చేది. ఆ అటూ ఇటూ ఊగడాన్ని ఎంత తగ్గించగలం? ఎంత తెలివైన పద్ధతి వాడినా సరే, ఒక పక్కకు మొగ్గని అంచనా ఏదైనా ఒక హద్దు కంటే తక్కువ ఊగదని రావుగారు రుజువు చేశారు. ఆ హద్దు ఎంతో నమూనాలో ఉన్న సమాచారమే నిర్ణయిస్తుంది. ఇవాళ రాడార్ తయారుచేసే ఇంజినీరు కూడా, దూరాన్ని అంచనా కట్టే తన పద్ధతి ఆ హద్దుకు ఎంత దగ్గరగా వచ్చిందో చూసుకుంటాడు. ఇంకా మెరుగుపరచడానికి చోటుందా, ఇక్కడితో ఆగవచ్చా అని తెలిసేది దానివల్లే.

1945లో కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో ఈ ఫలితం అచ్చయింది. మొత్తం వ్యాసం పదకొండు పేజీలు. అందులో మూడు కొత్త సంగతులున్నాయి. ఒకటి ఇప్పుడు చెప్పుకున్న హద్దు. రెండోది, చేతికొచ్చిన ముతక అంచనాను తీసుకుని దాన్ని మెరుగుపరిచే మార్గం. మూడోది, సంభావ్యత సూత్రాల మధ్య దూరాన్ని జ్యామితితో కొలిచే ఊహ. రాసినవారికి ఇరవై అయిదేళ్లు. హిరోషిమా, నాగసాకి బూడిదైన ఏడాది అది. విదేశీ పత్రికలు నెలల తరబడి అందని ఊళ్లో కూర్చుని రాసిన వ్యాసం.

యుద్ధం మూలంగా ఎవరి పని ఎవరికీ తెలియని రోజులు. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో మారిస్ ఫ్రెషే 1943లోనే ఇలాంటి ఫలితాన్ని ప్రచురించారు. తటస్థంగా ఉండిపోయి చుట్టూ దారులు మూసుకుపోయిన స్వీడన్‌లో హెరాల్డ్ క్రామేర్ తన పెద్ద గ్రంథం రాసుకుంటూ అదే హద్దును చేరుకున్నారు. ముగ్గురివీ వేర్వేరు దారులే. లోకంలో మాత్రం దానికి 'క్రామేర్–రావు హద్దు' అన్న పేరు నిలిచింది. రెండో ఫలితానికి తోడు వచ్చిన పేరు డేవిడ్ బ్లాక్‌వెల్‌ది. ఆయన ఆఫ్రికన్ అమెరికన్. ఇరవై రెండేళ్లకే డాక్టరేట్ తెచ్చుకున్న ఆ మేధావిని, నల్లజాతీయుడన్న కారణంగా ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం తన తరగతుల్లో కూర్చోనివ్వలేదు. 1947లో ఆయన స్వతంత్రంగా అదే ఫలితాన్ని సాధించారు. వలస పాలనలో ఉన్న దేశం నుంచి ఒకరు, వర్ణ వివక్షలో నలిగిన జాతి నుంచి ఒకరు. ఇద్దరి పేర్లూ కలిసి 'రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం'గా ఇవాళ ప్రపంచంలో స్టాటిస్టిక్స్ చదివే విద్యార్థుల నోట నానుతున్నాయి. ఈ జంట పేరు విన్నప్పుడల్లా మనం గర్వపడవచ్చు.

1946లో కేంబ్రిడ్జి నుంచి పిలుపు వచ్చింది. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట హెన్రీ వెల్కమ్ 1911లో మొదలుపెట్టిన తవ్వకాలు మొదటి యుద్ధం రాగానే ఆగిపోయాయి. అక్కడ దొరికిన పురాతన అస్థిపంజరాలు కేంబ్రిడ్జి మ్యూజియానికి చేరాయి. వాటి కొలతలనుబట్టి ఆ జనం ఎవరికి దగ్గరివాళ్లో తేల్చాలి. ఇలాంటి కొలతలను పోల్చే మహలనోబిస్ పద్ధతులు తెలిసిన మనిషి కావలసి వచ్చింది. పగలు ఎముకల పని చేస్తూనే రావుగారు ఫిషర్ దగ్గర పీహెచ్‌డీకి చేరారు. ఫిషర్ తన ప్రయోగశాలలో ఎలుకల పెంపకం, వాటి జన్యువుల పటం గీసే పని కూడా అప్పగించారు. ఒక మనిషికి ఇన్ని పనులు. పైగా యుద్ధం గెలిచిన ఇంగ్లండులో రొట్టెకు రేషను. 1946 జులైలో పెట్టిన ఆ రేషను 1948 జులై దాకా సాగింది. ఆయన అక్కడున్న కాలమంతా దాదాపు అదే. 1947 ఆగస్టు 15 నాటికీ ఆయన కేంబ్రిడ్జిలోనే ఉన్నారు. పీహెచ్‌డీ పూర్తిచేసుకుని 1948లో స్వతంత్ర భారతదేశానికి తిరిగొచ్చారు.

దేశ విభజన నాటి ఒక సంగతిని రావుగారు తన పుస్తకంలో ఎంతో ఇష్టంగా చెప్పారు. అది తప్పక చెప్పుకోవాలి. 1947 అల్లర్లలో ఢిల్లీ ఎర్రకోటలో పెద్ద సంఖ్యలో శరణార్థులు తలదాచుకున్నారు. వాళ్లకు తిండి పెట్టే పనిని ప్రభుత్వం కాంట్రాక్టర్లకు అప్పగించింది. లోపల ఎందరున్నారో ఎవరికీ తెలియదు. కాంట్రాక్టర్లు వేసిన బిల్లులే లెక్క. ఖర్చు కొండలా పెరుగుతోంది. కోట లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు. తేల్చమని గణాంక నిపుణులను అడిగారు. వాళ్ల చేతికిచ్చిన ఆధారం ఒక్కటే: కాంట్రాక్టర్లు రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు కొన్నామని చెప్పారో ఆ అంకెలు.

మహలనోబిస్ సహచరుడు జె.ఎం. సేన్‌గుప్తా ఇలా ఆలోచించారు. మనిషి ఒక్కింటికి రోజుకు బియ్యం ఎంత ఖర్చవుతుందో, పప్పు ఎంతో, ఉప్పు ఎంతో అంతకుముందు చేసిన కుటుంబ సర్వేల వల్ల తెలుసు. బియ్యం మొత్తాన్ని తలసరి బియ్యంతో భాగిస్తే ఒక జనసంఖ్య వస్తుంది. పప్పుతో భాగిస్తే ఒకటి, ఉప్పుతో భాగిస్తే ఒకటి. బిల్లులు నిజమైతే మూడూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఉండలేదు. బియ్యం చెప్పిన జనసంఖ్య అన్నిటికన్నా ఎక్కువ, ఉప్పు చెప్పిన జనసంఖ్య అన్నిటికన్నా తక్కువ. బియ్యం ఖరీదైన సరుకు, దాని తూకం పెంచి చూపిస్తే లాభం. ఉప్పు చవక, దాన్ని పెంచి మిగుల్చుకునేది ఏమీ లేదు. కాబట్టి ఉప్పు చెప్పిన లెక్కే నిజానికి దగ్గర అని నివేదిక ఇచ్చారు. ఇదే పద్ధతిని హుమాయూన్ సమాధి దగ్గరున్న చిన్న శిబిరంలో పరీక్షిస్తే అక్కడా సరిపోయింది. అంకెను నమ్మేముందు దాన్ని ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అని అడగాలని రావుగారు చెప్పేవారు. ఆ పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ తర్వాతి మూడు దశాబ్దాలు కలకత్తాలో, ఢిల్లీలో సంస్థను పెంచడానికే గడిచాయి. ప్రపంచం అమెరికా పక్షం, రష్యా పక్షం అని రెండుగా చీలిన కాలం. అప్పటికి బరానగర్‌కు మారిన ఆ సంస్థ తోటలోకి మాత్రం రెండు పక్షాలవాళ్లూ వచ్చారు. 1956 డిసెంబరులో చైనా ప్రధాని చౌ ఎన్‌లై వచ్చి నమూనా సర్వేల గురించి అడిగి తెలుసుకున్నారు. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటరు బ్రిటన్ నుంచి వచ్చి ఆ ఏడాదే అక్కడ పని మొదలుపెట్టింది. తర్వాత సోవియట్ యూనియన్ నుంచి 'ఉరాల్' అనే కంప్యూటరు వచ్చింది. సూయజ్ మీద బ్రిటన్ దాడిని నిరసిస్తూ స్వదేశం వదిలిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో అక్కడే చేరారు. రెండో పంచవర్ష ప్రణాళికకు మహలనోబిస్ లెక్కలు కడుతుంటే, ఆ లెక్కలు చేయగల మనుషులను తయారుచేసే భారం రావుగారి మీద పడింది.

1954లో జపాన్ నుంచి గెనిచి తగుచి అనే ఇంజినీరు వచ్చి ఏడాది పాటు ఆ సంస్థలో ఉన్నారు. రావుగారు 1940లలో రూపొందించిన 'ఆర్థోగనల్ ఎరేలు' అనే పట్టికల సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత ఏడు అంశాల మీద ఆధారపడి ఉందనుకుందాం. ఒక్కోదానికి రెండేసి స్థాయిలు. అన్ని కలయికలూ పరీక్షించాలంటే 128 ప్రయోగాలు. ఏ అంశం విడిగా ఎంత ప్రభావం చూపిస్తుందో తెలిస్తే చాలనుకుంటే, ఇలాంటి పట్టిక ప్రకారం ఎనిమిది ప్రయోగాలతో సరిపెట్టవచ్చు. సరుకుల నాణ్యత పెంచడానికి తగుచి రూపొందించిన పద్ధతులకు ఈ పట్టికలే వెన్నెముక అయ్యాయి. యుద్ధంలో చితికిపోయిన జపాన్ నాణ్యతకు మారుపేరుగా ఎదిగిన కథలో ఇదీ ఒక భాగం. కలకత్తా మీద బాంబులు వేసిన దేశానికి కలకత్తాలో పుట్టిన లెక్క ఇలా మేలు చేసింది.

శిష్యుల విషయంలో రావుగారి అదృష్టం గొప్పది, శిష్యుల అదృష్టం అంతకన్నా గొప్పది. ఎస్.ఆర్.ఎస్. వరదన్, కె.ఆర్. పార్థసారథి, వి.ఎస్. వరదరాజన్ ఆయన దగ్గరే పరిశోధన చేశారు. 1962లో రష్యా గణితవేత్త కోల్మోగొరోవ్ సంస్థకు వచ్చినప్పుడు, వరదన్ తన సిద్ధాంత వ్యాసాన్ని ఆయన ఎదుటే వివరించారు. ఆ వ్యాసాన్ని పరీక్షించినవారిలో కోల్మోగొరోవ్ కూడా ఉన్నారు. అదే వరదన్‌కు 2007లో గణితంలో ఏబెల్ బహుమతి వచ్చింది.

1972లో మహలనోబిస్ మరణించాక సంస్థ పగ్గాలు రావుగారి చేతికొచ్చాయి. 1979లో, మన దేశంలో పదవీ విరమణకు సిద్ధమయ్యే వయసులో, అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1988లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి మారారు. ఆ తర్వాత ఆయన చేసింది ఇంకో జీవితానికి సరిపడే పని. 2002లో వైట్‌హౌస్‌లో అమెరికా జాతీయ సైన్సు పతకం అందుకునేనాటికి ఎనభై రెండోయేట ఉన్నారు. అంతకుముందు ఏడాదే మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఇంత పనిలోనూ తోటపని, ఫొటోలు తీయడం, కూచిపూడి నృత్యం ఆయన ఇష్టాలుగానే ఉన్నాయి.

హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరిట గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్సులకు ఒక పరిశోధన సంస్థ ఉంది. ఆ వైపున ప్రొఫెసర్ సి.ఆర్.రావు రోడ్డూ ఉంది. రోజూ వేల మంది ఆ రోడ్డు మీద తిరుగుతారు. ఆ పేరు వెనక ఉన్న మనిషి కథ మన బడిపిల్లల తెలుగు వాచకంలో ఒక పాఠంగా ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను. నందిగామలోనో నూజివీడులోనో ఇవాళ లెక్కలు చేస్తున్న పిల్లకు, తమ ఊరి బడిలో చదివినాయన పేరు లోకమంతా పలుకుతోందని తెలియాలి.

2017లో, తొంభై ఆరు దాటిన వయసులో, రావుగారు ఒక సంపాదకుడిగా రోగాల వ్యాప్తికి గణిత నమూనాలు, ప్రజారోగ్యం అనే విషయం మీద రెండు భాగాల గ్రంథం వెలువడింది. మూడేళ్లు తిరక్కుండా కరోనా వచ్చింది. 2020 సెప్టెంబరులో ఆయన నూరో పుట్టినరోజు నాటికి, ప్రపంచంలో ప్రతి ఇంటా రోజూ కేసుల అంకెలే మాట. ఎందరిని పరీక్షిస్తే ఎందరికి వచ్చినట్టు, ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్నలు టీవీల్లో, వీధి అరుగుల మీద వినిపించాయి.

2023 ఏప్రిల్‌లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయనకు ప్రకటించారు. బహుమతి మొత్తం 80,000 డాలర్లు. డెబ్బై ఎనిమిదేళ్ల కిందటి ఆ పదకొండు పేజీల వ్యాసానికే ఈ గుర్తింపు. ఆ ఆగస్టు 22న అమెరికాలోని బఫెలోలో రావుగారు కన్నుమూశారు. ఇంకో పంతొమ్మిది రోజులైతే నూట మూడు నిండేవి.

ఆ వ్యాసంలోని మొదటి రెండు ఫలితాలూ ఏనాడో పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. మూడోదైన జ్యామితి ఊహ చాలాకాలం పెద్దగా ఎవరి కంటా పడలేదు. జపాన్‌లో షునిచి అమారి వంటివారు దాన్ని 'ఇన్ఫర్మేషన్ జామెట్రీ' అనే శాఖగా పెంచారు. యంత్రాలకు నేర్పే పద్ధతుల్లో, అడుగు ఎటు వేస్తే త్వరగా నేర్చుకుంటాయో చూడడానికి ఇప్పుడు పరిశోధకులు ఆ దూరాన్నే కొలుస్తున్నారు. దానికి 'ఫిషర్–రావు కొలత' అని పేరు.